నీటు, నీట్, నెట్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కింద సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, మీరు పావుగంట మాట్లాడాలె" అన్నాడు. దేని గురించి నాయనా అంటే, "ప్రార్థన అయినంక రోజుకో ఇంగ్లీషు మాట చెప్పేటోళ్లు గద సార్, గసుంటిది ఒకటి చెప్పండి. స్పీచ్ మాత్రం వద్దు" అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నాడో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఆఫీసు గది బయట నల్లబల్ల మీద "ఈనాటి మాట" అని రాసేవాణ్ణి. ముందు మాట, తర్వాత అర్థం, అది ఎక్కడ పుట్టింది, చివర ఒక వాక్యం. సుద్దముక్క అరిగిపోయేదాకా రాసిన ఆ బల్ల మీద నేను ఎన్నడూ రాయని మాట ఒకటుంది. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు. కానీ ఎర్ర సిరాతో మీ నోటు పుస్తకాల మీద మాత్రం కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. ఎన్-ఇ-ఎ-టి, నీట్. చాలాసార్లు దాని ముందు "నాట్" కూడా ఉండేది. ఇవాళ ఆ మాట బాకీ తీర్చుకుంటాను.

ముందు అర్థం. క్లీన్, టైడీ, నీట్ అనే ఈ మూడింటినీ మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తాం. మురికి లేకపోతే క్లీన్. వస్తువులు దేని చోట అది ఉంటే టైడీ. నీట్‌లో ఈ రెండింటి ఛాయా ఉండి, దాని మీద కంటికి ఇంపు కూడా ఉంటుంది. ఉతికి మంచం మీద కుప్పపోసిన బట్టలు క్లీనే గాని నీట్ కాదు. రెండు రోజులు తొడిగిన చొక్కాను మళ్లీ ఇస్త్రీ చేసి మడతపెడితే చూడటానికి నీటే, క్లీన్ మాత్రం కాదు. ఈ చొక్కా సంగతి గుర్తుపెట్టుకోండి. కోదాడ దగ్గర హైవే మీద హోటళ్ల బోర్డుల మీద "నీట్ అండ్ క్లీన్" అని జంటగా రాస్తారు చూడండి, ఆ జంట మన దేశంలో ఎక్కువగా వినిపిస్తుంది. రెండు మాటలూ రాసినా చేతులు కడుక్కునే చోటు చూసిగాని నేను లోపలికి పోను, అది వేరే సంగతి.

ఇక పుట్టుక. లాటిన్‌లో "నిటేరె" అంటే మెరవడం. దాని నుంచి "నిటిడుస్", అంటే మెరిసేది, నిగనిగలాడేది. అది ఫ్రెంచి వాళ్ల నోట అరిగి "నెట్" అయింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో నీట్‌గా కనిపిస్తుంది. అంటే మొదటి అర్థం శుభ్రం కాదు, మెరుపు. మెరిసేది కాబట్టి మురికి లేనిది, మురికి లేనిది కాబట్టి పొందికైనది. అట్లా నడుచుకుంటూ వచ్చింది.

ఇది తెలిసిన రోజు నాకు ఒక అనుమానం వచ్చి తెలుగు పండితులు మా సారు దగ్గరికి పోయాను. మరి మన "శుభ్రం" ఎక్కడిది సార్ అంటే ఆయన నవ్వి, "అదీ మెరుపేనోయ్" అన్నారు. సంస్కృతంలో శుభ్ అంటే ప్రకాశించడం, శుభ్రం అంటే ముందు తెల్లనిది, ధగధగలాడేది. "శుచి" కూడా అంతే, వెలుగు, మంట అన్న ధాతువు నుంచే. రోమ్‌లో వాళ్లూ, ఇక్కడ మన వాళ్లూ శుభ్రాన్ని ముందు కంటితోనే కనిపెట్టారన్నమాట. మెరిస్తే శుభ్రం, మెరవకపోతే కాదు. ఆ వేళ నాకు అది గొప్ప విషయంగా తోచింది. అందులో ఒక చిక్కుందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

నవ్వకండి గానీ, నీటు అన్నది ఇంగ్లీషు నుంచి మనకొచ్చిన మాటే అని నేను చాలాకాలం నమ్మాను, పిల్లలకూ అట్లాగే చెప్పాను. తప్పు చెప్పాను. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోనే నీటు ఉంది. మన పాత కావ్యాల్లోనూ ఉంది. సొగసు, టెక్కు, గర్వం దాని అర్థాలు. నీటుకాడు అంటే షోకిలా. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా నాయనమ్మ మా చిన్నాయనను చూసి, "ఏంరో, నీటుగ తయారైనవ్, యాడికి?" అనేది. అందులో మెచ్చుకోలు పావలా, ఎత్తిపొడుపు ముప్పావలా. ఇల్లు ఊడ్వమని చెప్పాల్సి వస్తే మాత్రం ఆమె నీటు అనేది కాదు, "సాఫ్ చెయ్యి" అనేది. ఆ సాఫ్ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన తెలంగాణ ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. అంటే ఆమెకు లెక్క స్పష్టంగా ఉంది. ఇంటికి సాఫు, మనిషి షోకుకు నీటు.

తర్వాత బడుల్లో ఇంగ్లీషు నీట్ వచ్చింది. ధ్వని ఒకటే, అర్థం కూడా పక్కపక్కనే. రెండు మాటలూ మన నోట్లో కలిసిపోయాయి. ఇప్పుడు "నీటుగా రాయి" అంటే అందులో ఏది ఎంతో విడదీయడం కష్టం. నేను మాత్రం ఒక సంగతి ఒప్పుకుంటాను. ఎర్ర సిరాతో నేను ఇంగ్లీషు నీట్ రాస్తున్నాననుకున్నాను, నా మనసులో ఉన్నది మా నాయనమ్మ నీటే.

ఇక్కడ కొంచెం మిర్యాలగూడకు పోవాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిల్లులు పెరిగాయి. మా మేనమామ అక్కడ ఒక రైస్ మిల్లులో గుమాస్తా. ఎండాకాలం సెలవులకు పోతే నాకు బొమ్మలకు బదులు కాంటా కనిపించేది. మామ పెద్ద చిట్టాలో మూడు గడులు గీసి గ్రాస్, టేర్, నెట్ అని రాసేవాడు. బస్తా మొత్తం తూకం గ్రాస్. గోనెసంచి బరువు టేర్. తీసేస్తే మిగిలింది నెట్. "మామా, సంచి బరువు ఎందుకు తీసేస్తరు?" అంటే, "మనం వండుకునేది సంచినా, బియ్యాన్నా?" అనేవాడు.

ఎం.ఏ.లో ఉన్నప్పుడు గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తిరగేస్తుంటే తెలిసింది, మామ చిట్టాలోని నెట్టు, బడిలోని నీటు ఒకే తల్లి బిడ్డలని. అదే నిటిడుస్. ఇటలీ, ఫ్రాన్సు వర్తకులు మెరిసేది అన్న మాటను కల్తీ ఏమీ లేనిది, తీసేయాల్సింది తీసేశాక మిగిలింది అన్న అర్థంలో వాడారు. టేర్ ఇంకా చిత్రం. అరబ్బీలో పారవేసేది అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన రైతులు కాంటా దగ్గర రోజూ వినే "తరుగు" దాని చుట్టమేమో అనిపిస్తుంది గానీ కాదు, తరుగు అచ్చంగా మనదే. ఉపాధ్యాయ మిత్రులకు ఇదంతా వివరించక్కర్లేదు, మన జీతం బిల్లులో గ్రాస్ చూసి సంతోషించి, నెట్ చూసి నిట్టూర్చడం మనకు ప్రతి నెలా అలవాటే.

మా మేస్త్రి కథ కూడా చెప్పాలి. నాకు మొదటి ఉద్యోగం కోదాడలో వచ్చింది. అద్దె ఇంట్లో గచ్చు పగిలిపోతే ఓనరు ఒక మేస్త్రిని పంపాడు. ఆయన పని చూసి, "పైన నీట్ సిమెంట్ కొడత సారూ" అన్నాడు. నేను ఇంగ్లీషు సారును కదా, ఊరుకోకుండా, "నీట్ సిమెంట్ అనొద్దు, సిమెంట్ నీట్‌గా పూస్త అనాలె" అని సవరించాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "కాదు సారూ. ఇసుక కలపని ఒట్టి సిమెంటును నీట్ అంటరు. నీటుగ పూసుడు నా చెయ్యి పని, అది వేరే" అన్నాడు. ఆయనే ఒప్పు. ఇంగ్లీషులో నీట్ అంటే ఏమీ కలపనిది అని కూడా అర్థం. నీళ్లూ సోడా కలపకుండా తాగేవాళ్లకు ఆ అర్థం బాగా తెలుసు, ఈ సభలో చేతులెత్తమని అడగను. సున్నపురాయి భూముల పక్కన, మేళ్లచెరువు సిమెంటు కార్ఖానాలకు కూతవేటు దూరంలో ఉన్న ఊరి మేస్త్రికి తెలిసిన అర్థం ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన నాకు తెలియలేదు.

మన తెలుగు చెవికి ఇంకో తమాషా కూడా ఉంది. "నీట" అంటే నీళ్లలో, "నీట్" అంటే నీళ్లు కలపనిది. ఒకసారి పదో తరగతిలో నీట్ మిల్క్ అని రాసి తెలుగు చేయమంటే ముగ్గురు "నీళ్ల పాలు" అని రాశారు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు పాల వ్యాపారంలోనే ఉన్నాడని విన్నాను.

ఇంగ్లీషులో ఇంకో నీట్ ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో పశువు అని అర్థం. తోలు మెత్తబడటానికి రాసే నీట్స్ ఫుట్ ఆయిల్ పేరులో మిగిలింది. ఇక మా మనవరాలికైతే నీట్ అంటే ఒకటే, డాక్టరు కావడానికి రాసే పరీక్ష. 2013లో మొదటిసారి పెట్టారు, ఇప్పుడు సూర్యాపేటలో, కోదాడలో ఏ గోడ చూసినా ఆ ఫ్లెక్సీలే. "తాతా, నీట్‌కు నీట్‌గా ప్రిపేర్ అవుతున్న" అంటుంది. వీటి గురించి ఇంతే.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది.

యూనిట్ పరీక్షలకు నేను 25 మార్కులు పెట్టేవాణ్ణి. 20 జవాబులకు, 5 నీట్‌నెస్‌కు. ఎవరూ చెప్పమనలేదు, నా సొంత పద్ధతి. మార్జిన్ గీయడం, కొట్టివేతలు లేకపోవడం, మరకలు లేకపోవడం. ఆ ఐదు మార్కులతో చాలామంది చేతిరాత బాగుపడింది, అది కాదనను. ఇప్పటికీ ముత్యాల్లాంటి రాత చూస్తే నాకు కడుపు నిండుతుంది.

తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. 20కి 19 వచ్చేవి, నీట్‌నెస్‌కు సున్నా. ఒకసారి కాదు, మూడు పరీక్షలు వరసగా. కాగితం మూలలు నానిపోయి ఎండినట్టు ఉండేవి. నోటు పుస్తకమంతా మట్టి వేళ్ల ముద్రలు, అక్కడక్కడా సిరా చెదిరిన చుక్కలు. దాని మీద ప్రతి వారం నా ఎర్ర సిరా, నాట్ నీట్. ఒక రోజు క్లాసులో ఆ పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకొని పైకెత్తి అందరికీ చూపించాను కూడా. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు.

తర్వాత కొన్ని వారాలకు విజయవాడ బస్సు కోసం తెల్లవారుజామున బస్టాండుకు నడుచుకుంటూ పోతున్నాను. ఇంకా చీకటే. దారిలో వీధి దీపం కింద చెత్తబండి ఆగి ఉంది. దాని పక్కన మూసిన దుకాణం మెట్ల మీద కూర్చుని ఆ అబ్బాయి రాసుకుంటున్నాడు. కొంచెం దూరంలో వాళ్లమ్మ రోడ్డు ఊడుస్తోంది. మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికురాలు. బండి నిండినప్పుడల్లా వాడు పుస్తకం మెట్టు మీద బోర్లా పెట్టి, లేచి తోయడానికి సాయం పోతున్నాడు, మళ్లీ వచ్చి రాస్తున్నాడు. మెట్లు మంచుకు తడిగా ఉన్నాయి. నేను పక్క సందులోంచి పోయాను. వాడు నన్ను చూడలేదు. బస్సులో కూర్చున్నాక కూడా ఆ పుస్తకం ఎందుకు తడిసేదో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఇంకా నిజం చెప్పాలంటే, నేను సందులోంచి ఎందుకు పోయానన్నది ఎక్కువ వదల్లేదు.

ఆ ఏళ్లు మీకు గుర్తుండే ఉంటాయి, 2003 తర్వాతి రోజులు. అల్మిత్రా పటేల్ అనే ఆవిడ సుప్రీంకోర్టులో వేసిన కేసు మూలంగా 2000లో దేశం మొత్తానికి మున్సిపల్ చెత్త నిబంధనలు వచ్చాయి. ఇంటింటికీ పోయి చెత్త తీసుకోవాలి, తడిది పొడిది వేరు చేయాలి అని. కాగితం మీద అన్ని ఊళ్లకూ ఒకటే నిబంధన. చేసి చూపించిన కొద్ది ఊళ్లలో మన సూర్యాపేట ఒకటి. అప్పటి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధి చెత్తకుండీలు తీయించేశారు. కుండీ లేకపోతే చెత్త ఎక్కడ వేయాలి అని అందరం గొడవపడ్డాం, నేనూ పడ్డాను. ఇంటి ముందుకే బండి వచ్చేది. తడి చెత్త ఎరువుకు, వానపాముల ఎరువుకు పోయేది, పొడి చెత్త అమ్మకానికి. వేరే ఊళ్ల మున్సిపాలిటీల వాళ్లు మన ఊరిని చూడటానికి వచ్చేవారు. కుండీ లేని ఊరు అని పేరొచ్చింది. పేపర్లో చదివి మనం ఛాతీ విప్పుకొని తిరిగాం. రోజూ ఆ బండ్లు తోసిన వాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసో ఎవరికి వారే చూసుకోవాలి. అప్పుడు నాకైతే ఒక్కటీ తెలియదు.

మా వీధికి బండి తెచ్చింది ఆ అబ్బాయి తల్లి. మూడో రోజో నాలుగో రోజో నేను డబ్బా తీసుకెళ్లి బండిలో వంచబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. డబ్బాలోకి చూసింది. కూరగాయల తొక్కులు, చాయ్ పత్తి, పాల ప్యాకెట్లు, అందులోనే విరిగిన ట్యూబ్‌లైటు ముక్క, పైన నేను దిద్ది పారేసిన కాగితాలు.

"సారూ, తడిది అలగ్, పొడిది అలగ్ పెట్టాలె. గిట్ల కలిపిస్తె మేం చేతులతోని ఏరాలె. గాజు కోసుకుంటది."

నేను ఏదో సర్దిచెప్పబోయాను, ఇంట్లో వాళ్లకు చెప్పానని. ఆమె వినిపించుకోలేదు. డబ్బా నా చేతికే తిరిగిచ్చి, నవ్వుతూనే అంది: "ఇల్లు చూస్తె నీటుగున్నది. డబ్బ నీటుగ లేదు సారూ."

ఆమె పోయాక నేను అరుగు మీద పాత పేపరు పరిచి ఆ డబ్బా బోర్లించి ఒక్కొక్కటీ ఏరాను. అరగంట పట్టింది. గాజుముక్క నా వేలికీ కోసుకుంది. తన కొడుకు పుస్తకం మీద నేను ఏం రాసేవాణ్ణో ఆమెకు తెలిసి అన్నదో, తెలియక అన్నదో అడిగే ధైర్యం నాకు లేదు. ఆమె వాడిన మాట మాత్రం సరైన అర్థంలో వాడింది. పైకి మెరవడం గురించి కాదు ఆమె చెప్పింది. ఒకదానిలో ఒకటి కలవకపోవడం గురించి చెప్పింది. కోదాడ మేస్త్రి చెప్పిన నీట్ అదే, మా మామ చిట్టాలో నెట్ అదే. ఇల్లు తళతళలాడటానికి ఇంట్లోని మురికంతా కలగాపులగంగా ఇంకొకరి చేతికి అప్పగించడాన్ని నేను ఇన్నాళ్లూ నీట్ అనుకున్నాను. ఇందాక చెప్పిన ఇస్త్రీ చొక్కా నేనే.

తర్వాతి పరీక్ష నుంచి ఆ ఐదు మార్కులు తీసేశాను. హెడ్మాస్టరు గారు కారణం అడిగారు. "చదవగలిగితే చాలు సార్" అన్నాను, అసలు సంగతి చెప్పలేదు. ఆ అబ్బాయి పాత మార్కులు మాత్రం దిద్దలేకపోయాను, అవి అప్పటికే ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కి వాళ్లింటికి పోయి సంతకంతో తిరిగొచ్చాయి. సంతకం చోట వేలిముద్ర ఉంది.

ఈ ప్రసంగం రాసుకున్నాక ఆయనకు ఫోన్ చేశాను. ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, ఎక్కడో చెప్పను. "మీ కథ చెప్పుకోవచ్చా నాయనా, పేరు చెప్పను" అని అడిగాను. చెప్పండి సార్ అన్నాడు. ఇరవై ఏళ్ల బాకీ కదా, ఆ సున్నాల గురించి, పుస్తకం ఎత్తి చూపించిన రోజు గురించి నాకు తోచినట్టు క్షమాపణ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పుస్తకం సంగతి యాదికుంది సార్" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "మార్కులు యాదికి లేవు. మీ ఇంటి చెత్తడబ్బ ముచ్చట మాత్రం మా అమ్మ ఇప్పటికీ చెప్తది. సారు మర్నాటి సంది రెండు డబ్బలు పెట్టిండు అని" అన్నాడు. అమ్మ ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగాను. మోకాళ్లు నొస్తున్నయ్, కానీ వాకిలి ఇప్పటికీ తనే ఊడుస్తదట, కోడలు ఊడిస్తే నచ్చదట.

పావుగంట అన్నారు, ఇరవై నిమిషాలు అయినట్టుంది. కార్యదర్శి గడియారం చూసుకుంటున్నాడు. కూర్చునే ముందు ఒక ప్రకటన చేయమన్నారు. భోజనాలు వెనక మైదానంలో ఉన్నాయి. తిన్నాక ఇస్తరాకులు, మిగిలిన అన్నం పచ్చ డబ్బాలో వేయండి, నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు నీలం డబ్బాలో. డబ్బాల దగ్గర పదో తరగతి పిల్లలు నిలబడి ఉంటారు, కలిపేస్తే తిరిగి చేతికిస్తారు. సెలవు.